లారీల ప్లాటూనింగ్, కోఆపరేటివ్ క్రూయిజ్ కంట్రోల్: తరచుగా అడిగే ప్రశ్నలు

లారీలు రేడియోలో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ బారుగా నడవడం గురించి వార్తలు రెండే రకాలుగా వస్తుంటాయి. ఒకటి, ఇక డ్రైవర్ల పని అయిపోయిందని. రెండోది, ఈ ఆలోచనే చచ్చిపోయిందని. రెండూ తొందరపాటు మాటలే. యంత్రం పనిచేస్తుందా అన్న ప్రశ్నకు చాలా ఏళ్ళ కిందటే జవాబు దొరికింది, పనిచేస్తుంది. రద్దీ రోడ్డు మీద ఆ బారు ఎంతసేపు విడిపోకుండా ఉంటుంది అన్న దగ్గరే అసలు చిక్కంతా ఉంది. కింది జవాబుల్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతాయి.

ప్లాటూన్ అంటే ఏమిటి? కాన్వాయ్‌లో వెళ్ళడానికీ దీనికీ తేడా ఏమిటి?

కాన్వాయ్‌లో లారీలన్నీ ఒకే దారిన వెళ్తాయి, అంతే. ఎవరి బ్రేకు వాళ్ళ కాలి కిందే ఉంటుంది. ప్లాటూన్‌లో అలా కాదు. ముందు లారీ బ్రేకు వేసినా, వేగం పెంచినా ఆ సంగతి రేడియోలో వెనక లారీ కంప్యూటర్‌కు చేరుతుంది. డ్రైవర్ కాలు కదపకుండానే వెనక లారీ తన ఇంజన్‌నూ బ్రేకులనూ దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. అందుకే మనిషి నడిపేటప్పుడు ఉంచాల్సిన ఎడంలో మూడో వంతుకు దిగినా నడుస్తుంది.

సాధారణంగా ఒక బారులో రెండు లారీలు, మహా అయితే మూడు. యూరప్‌లో ట్రైలర్ లారీ పొడవు 16.5 మీటర్లు. మూడు లారీలు 15 మీటర్ల ఎడంతో వెళ్తే మొత్తం దాదాపు 80 మీటర్లు. అవే లారీలు 50 మీటర్ల ఎడంతో వెళ్తే 150 మీటర్లు. రోడ్డు మీద చోటు కలిసొస్తుందని అనేది ఇందుకే. నాలుగు, అయిదు లారీల బారు సాంకేతికంగా అసాధ్యం కాదు గానీ, హైవే దిగాల్సిన కారుకు అది కదిలే గోడలా అడ్డం పడుతుంది.

మామూలు క్రూయిజ్ కంట్రోల్, అడాప్టివ్, కోఆపరేటివ్ – ఈ మూడింటికీ తేడా?

మామూలు క్రూయిజ్ కంట్రోల్‌కు తన వేగం తప్ప ఇంకేమీ తెలియదు. 80 అని పెడితే డ్రైవర్ కాలు తీసేసినా 80లోనే పోతుంది, ముందు ఎవరున్నా సరే. దీన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ చూపు లేని ఇంజనీరు. 1958లో క్రిస్లర్ ఇంపీరియల్ కారులో అది అమ్మకానికి వచ్చింది.

అడాప్టివ్ రకంలో ముందు వాహనాన్ని రాడార్‌తో చూస్తూ ఎడం కాపాడుకుంటుంది. మెర్సిడెస్ 1999లో ఎస్-క్లాస్ కారులో రాడార్‌తో దీన్ని తెచ్చింది. ఇప్పుడు మధ్యతరగతి కార్లలోనూ దొరుకుతోంది.

కోఆపరేటివ్ రకంలో ఆ రాడార్‌కు రేడియో తోడవుతుంది. ముందు వాహనం తన వేగం, త్వరణం, బ్రేకు ఎంత నొక్కారు వంటివి సెకనుకు పది ఇరవై సార్లు చెబుతూ ఉంటుంది. ప్లాటూనింగ్‌కు పునాది ఇదే. దీని మీద లారీలను జత కలపడం, విడదీయడం, వరస క్రమం, బారుకు పెద్ద ఎవరు అనే నియమాలు చేరిస్తే అది ప్లాటూన్ అవుతుంది.

రాడార్ ఉండగా రేడియో ఎందుకు?

ముందు లారీ డ్రైవర్ బ్రేకు నొక్కాడనుకోండి. లారీలవి గాలి బ్రేకులు. పెడల్ నొక్కాక గొట్టాల్లో గాలి ఒత్తిడి పెరిగి చక్రాలను పట్టుకునేసరికి సెకనులో కొన్ని పదో వంతులు గడుస్తాయి. ఆ తర్వాతే లారీ వేగం తగ్గుతుంది. అది తగ్గాకే వెనకున్న రాడార్‌కు తేడా కనిపిస్తుంది. అది కూడా నిజమైన బ్రేకింగేనా, కొలతలో చిన్న ఊగిసలాటా అని తేల్చుకోవడానికి ఇంకాస్త సమయం కావాలి. రేడియో అయితే పెడల్ నొక్కిన క్షణంలోనే సంగతి చెప్పేస్తుంది. ముందు లారీ గొట్టాల్లో గాలి నిండుతుండగానే వెనక లారీ గొట్టాల్లోనూ నిండడం మొదలవుతుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యం. రాడార్ మాత్రమే ఉన్న వాహనాలు నాలుగైదు వరసగా వెళ్తున్నప్పుడు ముందుది కొంచెం వేగం తగ్గిస్తే రెండోది అంతకంటే కొంచెం ఎక్కువ తగ్గిస్తుంది, మూడోది ఇంకా ఎక్కువ. కొరడా పిడి దగ్గర చిన్న కదలిక చివరికొచ్చేసరికి ఛెళ్ళుమన్నట్టే ఇదీను. అమెరికాలో పరిశోధకులు మార్కెట్లో దొరికే అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ కార్లను పరీక్షించినప్పుడు, పరీక్షించిన మోడళ్ళన్నీ ఈ కుదుపును తగ్గించకపోగా పెంచుతున్నట్టు తేలింది. కోఆపరేటివ్ పద్ధతిలో బారు మొదట్లో ఏం జరుగుతోందో చివరి వాహనానికీ నేరుగా తెలుస్తుంది. కాబట్టి కుదుపు వెనక్కి పోయేకొద్దీ తగ్గేలా చేయవచ్చు.

ఎంత దగ్గరగా నడుస్తాయి? అది ప్రమాదం కాదా?

ప్రయోగాల్లో ఎడం చాలా రకాలుగా ఉంది. యూరప్‌లో సార్ట్రే అనే ప్రాజెక్టు 2012లో బార్సిలోనా దగ్గర మామూలు ట్రాఫిక్ మధ్య ఒక లారీ వెనక వాహనాలను 6 మీటర్ల ఎడంతో, గంటకు 85 కి.మీ. వేగంతో నడిపింది. జపాన్‌లో ఎనర్జీ ఐటీఎస్ ప్రాజెక్టు లారీలను 80 కి.మీ. వేగంలో 4 మీటర్ల దాకా తెచ్చింది. నిజమైన సరుకుతో, వృత్తి డ్రైవర్లతో జర్మనీలో నడిపినప్పుడు మాత్రం 15 నుంచి 21 మీటర్లు ఉంచారు.

ఈ తేడా ఎందుకో ఒక లెక్క వేసి చూద్దాం. 80 కి.మీ. వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. ఎదుటి బ్రేకు లైటు చూసి మనిషి కాలు కదలడానికి ఒకటి, ఒకటిన్నర సెకన్లు పడుతుంది. ఆ లోపే లారీ 22 నుంచి 33 మీటర్లు పోతుంది. రేడియో, కంప్యూటర్, గాలి బ్రేకు కలిపి వెనక లారీ ఆలస్యం 0.3 సెకను అనుకుంటే అది 7 మీటర్లే. ఇంతవరకూ బాగానే ఉంది.

ఇప్పుడు రెండు లారీల బ్రేకుల పట్టు వేరువేరు అనుకోండి. ముందుది సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం కోల్పోతూ 41 మీటర్లలో ఆగింది. వెనకది 5 మీటర్ల చొప్పున మాత్రమే తగ్గించగలదు, దానికి 49 మీటర్లు కావాలి. తేడా 8 మీటర్లు. ఆలస్యపు 7 మీటర్లు కలిపితే 15. అంటే 15 మీటర్ల ఎడం మొత్తం అక్కడికక్కడే ఖర్చయిపోయింది!

ఆలస్యాన్ని ఎలక్ట్రానిక్స్ దాదాపు మింగేసింది. బ్రేకుల తేడాను మింగలేకపోయింది. టైర్ల అరుగుదల, సరుకు బరువు, డిస్కుల వేడి, తడి రోడ్డు, ఇవన్నీ ఆ తేడాలోకే వస్తాయి. అందుకే బ్రేకులు బాగా పట్టే లారీని వెనక పెట్టి, తక్కువ పట్టే లారీని ముందు పెడతారు. ఎత్తు ఎక్కేటప్పుడు కూడా ఇదే క్రమం పనికొస్తుంది. బరువెక్కువ ఉన్న లారీ వెనక ఉంటే ఎత్తు రాగానే అది వెనకబడి బారు తెగిపోతుంది.

నా మటుకు, ఎవరైనా 4 మీటర్లు, 5 మీటర్లు అని గొప్పగా చెప్పినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: ఆ లారీల బ్రేకులు ఎంత సరిసమానంగా ఉన్నాయి, దాన్ని ఎవరు, ఎప్పుడు కొలిచారు?

డీజిల్ నిజంగా ఎంత మిగులుతుంది?

ఎక్కడ కొలిచారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇది తప్పించుకునే జవాబు కాదు, అంకెలు చూడండి.

అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల 2014లో టెస్ట్ ట్రాక్ మీద రెండు లారీలతో చేసిన పరీక్షల్లో వెనక లారీకి గరిష్ఠంగా 9.7 శాతం, ముందు లారీకి గరిష్ఠంగా 5.3 శాతం ఆదా వచ్చింది. రెండూ కలిపి చూస్తే అత్యుత్తమం 6.4 శాతం. జర్మనీలో మాన్, డీబీ షెంకర్ సంస్థలు మ్యూనిక్, న్యూరెంబర్గ్‌ల మధ్య ఏ9 ఆటోబాన్ మీద నిజమైన సరుకుతో 35,000 కి.మీ. నడిపి 2019లో ఫలితాలు ప్రకటించాయి. అక్కడ ఆదా 3 నుంచి 4 శాతం. బ్రిటన్‌లో జరిగిన హెల్మ్‌యూకే ప్రయోగంలో మామూలు ట్రాఫిక్ మధ్య సగటు ఆదా అర శాతం దగ్గరే ఆగింది. అక్కడి మోటార్‌వేల మీద ఎక్కే, దిగే దారులు తరచుగా వస్తాయి. వచ్చిన ప్రతిసారీ ఎడం పెంచాల్సిందే.

లెక్కలో ఇంకో మెలిక కూడా ఉంది. ఒంటరిగా పోయే లారీతో పోలిస్తే ఆదా పెద్దగా కనిపిస్తుంది. కానీ రద్దీ హైవే మీద ఏ లారీ ఒంటరిగా పోతోంది? ముందు ఏదో ఒక లారీ ఉండనే ఉంటుంది, 40, 50 మీటర్ల దూరంలో కూడా దాని చాటు కొంత దొరుకుతూనే ఉంటుంది. దానితో పోలిస్తే ప్లాటూన్ వల్ల కొత్తగా వచ్చేది తగ్గిపోతుంది.

బారు తెగితే నష్టం ఎంతో చూద్దాం. 100 కి.మీ.కు 30 లీటర్లు తాగే లారీకి 4 శాతం ఆదా అంటే 1.2 లీటర్లు. మధ్యలో ఒక కారు దూరింది. 40 టన్నుల వెనక లారీ బ్రేకు వేసి 80 నుంచి 70కి దిగింది, కారు వెళ్ళిపోయాక మళ్ళీ 80 అందుకుంది. ఇంజన్ సామర్థ్యం 40 శాతం అనుకుంటే ఆ పది కి.మీ. వేగం తిరిగి పుంజుకోవడానికే సుమారు 0.16 లీటర్లు కావాలి. అంటే 13 కి.మీ. దూరం బారుగా నడిచి మిగుల్చుకున్నది ఒక్క కారు దెబ్బకు పోయింది. గంటకు ఇలాంటివి ఆరు జరిగితే లాభం మొత్తం గాలికి పోయినట్టే.

వెనక లారీకి గాలి చాటు దొరుకుతుంది, సరే. ముందున్న లారీకి లాభం ఎలా?

పెద్ద పెట్టెలాంటి ట్రైలర్ గాలిని చీల్చుకుంటూ పోయినప్పుడు దాని వెనక తలుపుల దగ్గర గాలి ఒత్తిడి పడిపోతుంది. ఆ వెలితి లారీని వెనక్కి లాగుతుంది. వెంటనే ఇంకో లారీ ఉంటే దాని ముక్కు తోసుకొచ్చే గాలి ఆ వెలితిని కొంత పూడుస్తుంది. కాబట్టి లాగుడు తగ్గుతుంది. అయితే ఇది ఎడం బాగా తక్కువగా ఉంటేనే. ఎడం పెరిగేకొద్దీ ముందు లారీ లాభం త్వరగా మాయమవుతుంది, వెనక లారీ లాభం మాత్రం చాలా దూరం దాకా ఉంటుంది.

అయితే ఎంత దగ్గరైతే అంత మంచిదన్నమాట?

కాదు. అదే 2014 పరీక్షల్లో ఎడం బాగా తగ్గినప్పుడు వెనక లారీ లాభం పెరగకుండా తగ్గింది. రేడియేటర్‌కు తగలాల్సిన గాలిని ముందు ట్రైలర్ అడ్డుకోవడంతో ఇంజన్ వేడెక్కి కూలింగ్ ఫ్యాను తిరగడం మొదలైంది. లారీ ఫ్యాను చిన్నది కాదు, మిగిల్చిన డీజిల్‌లో కొంత అదే తాగేస్తుంది. పక్కగాలి వీచినా, వెనక లారీ లేన్‌లో కొంచెం పక్కకు జరిగినా చాటు తప్పుతుంది.

మధ్యలో కారు దూరితే ఏమవుతుంది?

రాడార్, కెమెరా దాన్ని గుర్తిస్తాయి. వెనక లారీ ప్లాటూన్ పద్ధతి వదిలి మామూలు అడాప్టివ్ పద్ధతిలోకి మారి ఎడం పెంచుకుంటుంది. కారు తప్పుకున్నాక మళ్ళీ దగ్గరవుతుంది. 15 మీటర్ల ఎడం లారీకి చిన్నదే గానీ, తర్వాతి ఎగ్జిట్‌లో దిగాల్సిన కారు డ్రైవర్ కంటికి అది చక్కటి ఖాళీ. ఎడం ఇంకా తగ్గిస్తే కార్లు దూరడం తగ్గుతుంది, కానీ పైన చెప్పిన బ్రేకుల లెక్క ఒప్పుకోదు. ఈ రెండింటి మధ్య నలగడమే ప్లాటూనింగ్ బాధ.

వెనక లారీ డ్రైవర్ ఏం చేస్తాడు? నిద్రపోవచ్చా?

పోకూడదు. ఇప్పటిదాకా జరిగిన ఎక్కువ ప్రయోగాల్లో యంత్రం చూసుకునేది వేగం, బ్రేకు మాత్రమే. స్టీరింగ్ డ్రైవర్ చేతిలోనే ఉంటుంది. కొన్నింటిలో స్టీరింగ్ సాయం కూడా ఉంది, అయినా కళ్ళు రోడ్డు మీదే ఉండాలి.

ఆ సీట్లో కూర్చుంటే ఎదురుగా కనిపించేది ముందు ట్రైలర్ తలుపులు, నంబరు ప్లేటు, వాటి మీద పేరుకున్న దుమ్ము. ముందు రోడ్డు కనబడదు. మొదటి రోజుల్లో టెన్షన్ సహజం. అందుకని అమెరికన్ కంపెనీ పెలటన్ తన వ్యవస్థలో ముందు లారీ కెమెరా చూసే దృశ్యాన్ని వెనక డ్రైవర్‌కు తెర మీద చూపించింది. జర్మనీ ప్రయోగంలో డ్రైవర్ల మెదడు తరంగాలనూ చూపునూ కొలిచి చూస్తే మామూలు డ్రైవింగ్‌తో పోలిస్తే శ్రమలో పెద్ద తేడా కనబడలేదు. డ్రైవర్ జోక్యం చేసుకోవాల్సి వచ్చింది కూడా 2,000 కి.మీ.కు ఒకసారే.

ఇది మంచి వార్తలాగే ఉంది, కానీ నాకు ఇబ్బందిగా తోచేదీ ఇదే. రెండు వేల కిలోమీటర్లకు ఒకసారి మాత్రమే అవసరమయ్యే మనిషి ఆ ఒక్కసారి సిద్ధంగా ఉంటాడని ఎలా నమ్మాలి?

డ్రైవర్ లేకుండా వెనక లారీలు నడిచాయా?

నడిచాయి. జపాన్‌లో 2021 ఫిబ్రవరిలో షిన్-తొమెయ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద మూడు లారీల బారు గంటకు 80 కి.మీ. వేగంతో, దాదాపు 9 మీటర్ల ఎడంతో వెళ్ళింది. ముందు లారీలోనే డ్రైవర్ ఉన్నాడు. వెనక రెండింట్లో డ్రైవర్ సీట్లు ఖాళీ. అయితే భద్రత కోసం పక్క సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టారు. జపాన్ దీనికి ఇంత పట్టుదలగా ఎందుకు దిగిందో వేరే చెప్పక్కర్లేదు: అక్కడ డ్రైవర్లు వయసు మీద పడి రిటైరవుతున్నారు, కొత్తవాళ్ళు రావడం లేదు.

ఆర్థికంగా చూస్తే ప్లాటూన్‌కు అసలు బలం ఇక్కడే ఉంది. నాలుగు శాతం డీజిల్ ఒకెత్తు, వెనక లారీ డ్రైవర్ జీతమూ అతని విశ్రాంతి వేళల కట్టుబాట్లూ ఇంకో ఎత్తు. చైనాలోనూ ముందు లారీలో మనిషి, వెనక కొన్ని మనిషి లేని లారీలు అనే నమూనా మీద కంపెనీలు పనిచేస్తున్నాయి.

వేర్వేరు కంపెనీల లారీలు జతకట్టగలవా?

2016లో నెదర్లాండ్స్ ప్రభుత్వం యూరోపియన్ ట్రక్ ప్లాటూనింగ్ ఛాలెంజ్ నిర్వహించింది. డాఫ్, డైమ్లర్, ఇవెకో, మాన్, స్కానియా, వోల్వో కంపెనీల లారీలు స్వీడన్, జర్మనీ, బెల్జియంల నుంచి బయల్దేరి ఏప్రిల్ 6న రోటర్‌డామ్ ఓడరేవుకు చేరాయి. ఫొటోలు గొప్పగా వచ్చాయి. కానీ ఏ కంపెనీ లారీలు ఆ కంపెనీ లారీలతోనే జతకట్టాయి.

దాన్ని సరిచేయడానికి 2018లో ఎన్‌సెంబుల్ అనే యూరప్ ప్రాజెక్టు మొదలైంది. అందరికీ ఒకే సందేశ భాష తయారుచేసి, 2021 సెప్టెంబరులో బార్సిలోనా దగ్గర ఏడు వేర్వేరు బ్రాండ్ల లారీలను ఒకే బారులో నడిపించింది. అయితే ఆ ప్రాజెక్టు ముందుగా ఆచరణలోకి తేవచ్చని చెప్పిన పద్ధతిలో ఎడం దాదాపు ఒకటిన్నర సెకను. అంటే 80 కి.మీ. వేగంలో 33 మీటర్లు. అంత ఎడంలో డీజిల్ ఆదా పెద్దగా ఉండదు, భద్రత మాత్రం పెరుగుతుంది. నన్నడిగితే ఆ నిర్ణయం నిజాయితీగా ఉంది.

రేడియో గొడవ ఇంకొకటి. అమెరికా 1999లో 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ వెడల్పు పట్టీని వాహనాల కోసం కేటాయించింది. ఏళ్ళ తరబడి పెద్దగా వాడకపోవడంతో 2020లో అందులో 45 మెగాహెర్ట్జ్‌ను వైఫై వంటి వాటికి ఇచ్చేసి, మిగిలిన 30ని సెల్యులార్ టెక్నాలజీ మీద నడిచే వాహన రేడియోకు ఉంచింది. జపాన్ వాహనాల కోసం 760 మెగాహెర్ట్జ్ పట్టీ కూడా వాడుతోంది. లారీ కొంటే పదిహేనేళ్ళు నడుస్తుంది, రేడియో ప్రమాణం మాత్రం అంతకంటే ముందే మారిపోతోంది. ఇలాంటప్పుడు కొనేవాడు వెనకాడడంలో వింతేముంది?

సిగ్నల్ పోతే? ఎవరైనా హ్యాక్ చేస్తే?

సందేశాలు వరసగా కొన్ని అందకపోతే వెనక లారీ ఆ లోటును ప్రమాద సూచనగానే తీసుకుని ఎడం పెంచుకుంటుంది. రాడార్ ఎలాగూ పనిచేస్తూనే ఉంటుంది. హ్యాకింగ్ సంగతికొస్తే, ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం, సమయ ముద్ర ఉంటాయి. దొంగ సందేశాన్ని, పాత సందేశాన్ని మళ్ళీ పంపడాన్ని వాటితో పట్టుకోవచ్చు. రేడియో చెప్పేదీ రాడార్ చూసేదీ పొంతన లేకపోతే నమ్మాల్సింది రాడార్‌నే. జామర్‌తో రేడియోను మూగబోయేలా చేయడాన్ని ఆపలేరు, కానీ దాని వల్ల బారు తెగుతుంది తప్ప గుద్దుకోకూడదు. వ్యవస్థను అలా రూపొందించడమే పరీక్ష.

వాన, మంచు, వంతెనలు, సొరంగాలు?

తడి రోడ్డు మీద, బాగా వాలుగా ఉన్న దిగుడుల్లో, ఘాట్ మలుపుల్లో బారు కట్టకపోవడమే మేలు. పొడవాటి వంతెనల మీద బరువైన లారీలన్నీ ఒకే చోట పోగుపడితే కట్టేటప్పుడు వేసిన బరువు లెక్కలకు మించే అవకాశం ఉంది, కాబట్టి అక్కడ ఎడం పెంచాలి. సొరంగాల్లో జీపీఎస్ దొరకదు, మంటలు చెలరేగితే పక్కపక్కనే లారీలు ఉండడం మంచిది కాదు. రోడ్డు ఇంజనీర్ల ఫిర్యాదు ఇంకొకటుంది: కంప్యూటర్ నడిపే చక్రాలు గీత గీసినట్టు ఒకే జాడలో పోతే తారు అక్కడే గాడి పడుతుంది.

మిగిలిన డీజిల్ డబ్బు ఎవరిది?

ఒకే కంపెనీ లారీలైతే గొడవ లేదు. వేర్వేరు యజమానులైతే లాభం ఎక్కువ వెనకవాడికి, బాధ్యత ఎక్కువ ముందువాడికి. ముందు నడిచేవాడికి వెనకవాడు కొంత చెల్లించాలనో, వంతులు మారాలనో పద్ధతులు చెబుతుంటారు. కానీ జత కోసం పది నిమిషాలు ఆగితే ఆ ఆలస్యం విలువే ఆదాను మించిపోవచ్చు. ఒకే డిపో నుంచి ఒకే గోదాముకు రోజూ వెళ్ళే లారీలకే ఇది బాగా కుదురుతుంది.

చట్టం ఒప్పుకుంటుందా? ప్రమాదం జరిగితే ఎవరిది బాధ్యత?

దేశాన్ని బట్టి ఉంటుంది. జర్మనీలో 3.5 టన్నులు దాటిన లారీలు ఆటోబాన్ మీద 50 కి.మీ. వేగం మించితే కనీసం 50 మీటర్ల ఎడం ఉంచాలి. కాబట్టి అక్కడ ప్లాటూన్ నడపాలంటే ప్రత్యేక మినహాయింపు కావాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు దగ్గరగా నడపకూడదనే నియమం నుంచి ప్లాటూన్‌లకు సడలింపు ఇచ్చాయి. డ్రైవర్ సీట్లో మనిషి ఉన్నంతవరకూ మొదటి వేలు అతని వైపే చూపిస్తుంది.

ఇంత ప్రయోగం చేసి పెద్ద కంపెనీలు ఎందుకు వెనక్కి తగ్గాయి?

ఆలోచన కొత్తదేం కాదు. 1997లోనే శాన్ డియాగో దగ్గర ఐ-15 రహదారి మీద ఎనిమిది బ్యూక్ కార్లు, రోడ్డులో పాతిన అయస్కాంతాలను పట్టుకుని, 6.5 మీటర్ల ఎడంతో వాటంతట అవే వెళ్ళాయి. అప్పటినుంచీ ప్రతి దశాబ్దంలోనూ ఇదిగో వచ్చేస్తోంది అన్నారు.

2019 జనవరిలో డైమ్లర్ చెప్పేసింది: అన్నీ అనుకూలించినా ఆదా అనుకున్నంత లేదు, బారు తెగి మళ్ళీ కలవాల్సి వచ్చినప్పుడు అది కూడా తగ్గిపోతోంది. అదే సమయంలో డ్రైవర్ లేని లారీల మీద 50 కోట్ల యూరోలు పెడతామంది. 2011లో పుట్టిన పెలటన్ 2021లో మూతపడింది. 2025లో అరోరా అనే కంపెనీ టెక్సాస్‌లో డల్లాస్, హ్యూస్టన్‌ల మధ్య డ్రైవర్ లేకుండా సరుకు తిప్పడం మొదలుపెట్టింది. లారీ ఒంటరిగానే తన దారి చూసుకోగలిగితే దానికి ముందు నడిచేవాడు ఎందుకు అన్నది పెట్టుబడి పెట్టేవాళ్ళ వాదన.

ఆ వాదన సగమే నిజం. డ్రైవర్ లేని లారీలకు కూడా గాలి అడ్డమే, ముందు ఏం జరుగుతోందో సెకను ముందు తెలిస్తే వాటికీ లాభమే. పైగా రోజంతా అలసిపోకుండా ఒకే దారిలో తిరిగే అలాంటి లారీలకు జత దొరకడం ఇంకా సులువు.

కార్లలో కోఆపరేటివ్ క్రూయిజ్ కంట్రోల్ దొరుకుతుందా?

టొయోటా 2015లో జపాన్‌లో క్రౌన్ కారుతో ఐటీఎస్ కనెక్ట్ అనే వ్యవస్థను అమ్మకానికి తెచ్చింది. ముందు కారుకూ అదే రేడియో ఉంటే రెండూ మాట్లాడుకుంటూ ఎడం కాపాడుకుంటాయి. ముందు కారుకు రేడియో లేకపోతే అది మామూలు రాడార్ క్రూయిజే. ఎక్కడైనా ఇదే చిక్కు: మొదట కొన్నవాడికి మాట్లాడడానికి తోడు దొరకదు.

దీనితో ట్రాఫిక్ జామ్‌లు తగ్గుతాయా?

కొన్ని రకాలవి తగ్గుతాయి. జపాన్ పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో 22 కార్లను గంటకు 30 కి.మీ. వేగంతో నడపమన్నారు. ఏ అడ్డంకీ లేకపోయినా కాసేపటికే ఆగుతూ కదులుతూ ఉండే అల ఒకటి పుట్టి వెనక్కి పాకింది. కారణం మనుషుల తడబాటే. 2022 నవంబరులో నాష్‌విల్ దగ్గర ఐ-24 మీద 100 కార్లను ప్రత్యేక క్రూయిజ్ కంట్రోల్‌తో మామూలు ట్రాఫిక్‌లో కలిపి, అలాంటి అలలను చదును చేయగలమా అని పరీక్షించారు. అందులో ఎవరూ ఎవరికీ అంటుకుని నడవలేదు. ముందున్న రద్దీని ముందే తెలుసుకుని నెమ్మదించడమే పని. దగ్గరగా నడవడం కన్నా మెత్తగా నడవడం వల్లే ఎక్కువ మేలు జరుగుతుందని నా అభిప్రాయం. దానికి కొత్త లారీలు కూడా అక్కర్లేదు. అయితే రోడ్డు మోయలేనంత రద్దీ, లేన్ మూసేసిన చోటు, ప్రమాదం జరిగిన చోటు, వీటికి ఏ క్రూయిజ్ కంట్రోలూ మందు కాదు.

నేను కారులో వెళ్తుండగా ఇలాంటి బారు ఎదురైతే?

దగ్గరగా, ఒకే వేగంతో, ఊగకుండా పోతున్న రెండు మూడు లారీలు కనిపిస్తే వాటి మధ్యకు దూరకండి. ఎగ్జిట్ దగ్గర పడుతుంటే ఓవర్‌టేక్ ఆలోచన మాని వెనకే ఉండి దిగండి. ఓవర్‌టేక్ చేయాలంటే మొత్తం 80 మీటర్లు దాటే ఖాళీ ముందు ఉందని చూసుకున్నాకే మొదలుపెట్టండి. దాటాక ముందు లారీ ముఖం అద్దంలో పూర్తిగా కనిపించేదాకా లేన్ మారకండి. తప్పనిసరై మధ్యలోకి వెళ్ళాల్సి వస్తే ముందే ఇండికేటర్ వేసి, లోపలికి వచ్చాక బ్రేకు మాత్రం నొక్కకండి. వెనక లారీ ఎడం పెంచుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది.